తెరచాపకు కుట్టు

మా మేడమీద పడవ తెరచాప ఆరేశామంటే సీతాఫల్‌మండిలో యెవరు నమ్ముతారు? ఎదురింటావిడ అయితే, "కొత్త దోమతెరా, పిన్నిగారూ?" అని అడిగింది.

దోమతెర కాదు, మా మనవరాలి పడవది. ఎనిమిదో తరగతి పిల్ల. రెండేళ్ళనించి ఆదివారాలు హుస్సేన్‌సాగర్‌లో పడవ నడపటం నేర్చుకుంటోంది. ఆప్టిమిస్టు అంటారట ఆ రకాన్ని. 15 యేళ్ళలోపు పిల్లలది, పొడుగు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. మా స్నానాలగది తొట్టికి అన్నగారిలా వుంటుంది. పిల్లకు అదే ఓడ. దాని తల్లికి, అంటే మా అమ్మాయికి, అది చదువు పాడుచెయ్యటానికి వచ్చిన కొత్త జబ్బు.

పడవ నడపటం కంటె దాన్ని బాగోగులు చూసుకోవటమే పెద్ద పని లెండి. ఒడ్డుకు రాగానే మంచినీళ్ళతో కడగాలి. ఆ చెరువు నీళ్ళ సంగతి మీకు తెలుసుగా. చుక్కానిని పట్టివుంచే మేకులు కదులుతున్నాయేమో చూడాలి. బోల్తాపడినా మునగకుండా లోపల కట్టే గాలిసంచులు మూడూ నొక్కి చూడాలి. తాళ్ళు యెక్కడ ఒరుసుకుపోయాయో వెతకాలి. ఇంట్లో తిన్న కంచం తియ్యని పిల్ల యివన్నీ చేస్తుంది! కంచం సంగతేమిటే అంటే, "అది మునగదుగా, అమ్మమ్మా" అంటుంది.

మొన్న వేసవిలో ఒక శనివారం ఆ తెరచాప చుట్టుకుని యింటికి తెచ్చింది. అంచు దగ్గర జానెడు కుట్టు విడింది. నా దగ్గర నలభై యేళ్ళనాటి కుట్టుమిషను వుంది. పైగా నేను పుట్టింది తాళ్ళరేవులో. 1839 తుఫాను మింగేసిన కోరంగి రేవు పక్కనే, కొయ్య ఓడలు కట్టే ఊరు. మా నాన్న ఓడల తెరచాపలు కుట్టి మమ్మల్ని పెంచాడు. అటువంటివాడి కూతురికి జానెడు కుట్టు వొక లెక్కా? రవికలు కుట్టే దారమే యెక్కించి, పది నిమిషాల్లో బర్రున లాగించేశాను. చూడటానికి ముచ్చటగానూ వుంది.

మర్నాడు సాయంత్రం వానకు ముందు గాలి లేచింది. నా కుట్టు తెగి, దాన్ని అంటుకున్న పాతకుట్టు చివరిదాకా విడిపోయింది. పడవ బోల్తా. లైఫ్‌జాకెట్టు వుంది గనక, మోటారు పడవవాళ్ళు దగ్గర్లో వున్నారు గనక, పిల్ల తడిసిన కోడిపిల్లలా యింటికి చేరింది. మా అమ్మాయి కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. "ఇంక చాలు" అంది, అంతే.

ఆ రాత్రి రైళ్ళ చప్పుడు వింటూ మేలుకునే వున్నాను. కుట్టింది నేనని అమ్మాయికి తెలియదు. పిల్ల చెప్పలేదు. పదమూడేళ్ళది నన్ను కాపాడుతోంది!

మా నాన్న దారాన్ని తేనెమైనంలో లాగేవాడు. అరచేతికి తోలుముక్క కట్టుకుని సూది తోసేవాడు. వాటన్నిటికంటె ముందు పాతకుట్టు పొడుగునా గోటితో గీకి చూసేవాడు. ఎండకు ముందు చచ్చేది గుడ్డ కాదు, దారం. గుడ్డ పెళ్ళికూతురిలా మెరుస్తూనే వుంటుంది. నేను విడిన జానెడు చూశానేగాని దాని పక్క గజం చూడలేదు. పైగా పాలియెస్టరు గుడ్డకు నూలుదారం. గాలికి బిగిసినప్పుడు కాస్త సాగే వంకీకుట్టు వెయ్యాలి. నేను వేసింది తిన్నని కుట్టు.

పొద్దున కాఫీ దగ్గర చెప్పేశాను. అమ్మాయి గ్లాసు కిందపెట్టి, "నువ్వా, అమ్మా?" అంది. కాసేపాగి, "అదే సముద్రం అయితే?" అంది.

పిల్ల బల్లమీద గోడకు తారిణి బొమ్మ అంటించి వుంటుంది. ఆ 56 అడుగుల తెరచాప పడవలో మన నౌకాదళంలోని ఆరుగురు స్త్రీలు 2017 సెప్టెంబరు 10న గోవా వదిలి, భూమి చుట్టివచ్చి, 2018 మే 21న తిరిగి చేరారు. 254 రోజులు. వారిలో పి. స్వాతిది విశాఖపట్నం, బి. ఐశ్వర్యది మన హైదరాబాదే. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగింది మరమ్మతులకూ సరుకులకూ. ఆఖరి మజిలీలో, హిందూ మహాసముద్రంలో, చుక్కాని యంత్రం చెడితే మారిషస్‌కు మళ్ళించి పోర్ట్ లూయీలో బాగుచేసుకున్నారు.

"యింటికి దగ్గరపడ్డాం గదా అని అలాగే వచ్చెయ్యలేదే వాళ్ళు" అన్నాను. "తొందరపడింది నేను. శిక్ష పిల్లకెందుకు?"

అమ్మాయి మాట్లాడకుండా ఆఫీసుకు వెళ్ళిపోయింది. సాయంత్రం జనరల్ బజారునించి పాలియెస్టరు దారం ఉండ తెచ్చి నా ముందు పడేసింది.

తెరచాప ఉతికి మేడమీద ఆరేశాం. ఎదురింటావిడ చూసింది అప్పుడే. పాతకుట్టు గీకితే సగానికి పైగా పొడిపొడిగా రాలింది. మిషను ముట్టుకోలేదు. దారానికి మైనం పట్టించి, చేత్తో, పాత రంధ్రాల్లోంచే మళ్ళీ కుట్టుకొచ్చాను. కొత్తవి పొడిస్తే గుడ్డ జల్లెడయి కూర్చుంటుంది. తోలుపట్టీకి మావారి పాత చెప్పు ముక్క పనికొచ్చింది. మూడు రోజులు పట్టింది. రెండో అంచు పిల్ల పట్టుకుంది.

మూడోనాటి రాత్రి, పిల్ల నిద్రపోయాక, అమ్మాయి వచ్చి దీపం కింద కూర్చుంది. కుట్టు పొడుగునా గోటితో గీకుతూ పోయింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ యింకోసారి వెయ్యి, అమ్మా."