పట్టా తరువాతి పాఠం

మా తమ్ముని కుమార్తె అమెరికాలో ఏడాది ఇంటర్న్‌షిప్పు ముగించి, డాక్టరేటు పుచ్చుకొని, మరల రెండేళ్ళ శిక్షణకు కుదిరింది. “పట్టా చేతికి వచ్చినా పాఠం ముగియదా అన్నయ్యా?” అని తమ్ముడు నిట్టూర్చాడు.

ఆమె విద్య పేరు క్లినికల్ న్యూరోసైకాలజీ. దీనికి తెలుగేమిటని రెండు రోజులు నిఘంటువులు తిరగవేసి ‘చికిత్సా నాడీమనోవిజ్ఞానం’ అనుకున్నాను. పలికితే నాలుకకే చికిత్స కావలసి వస్తున్నది. మిత్రులు మేలైన మాట సూచిస్తే సంతోషం.

1997లో హ్యూస్టన్ నగరంలో సమావేశమైన ఆ శాస్త్రవేత్తలు, డాక్టరేటు పిమ్మట రెండేళ్ళ రెసిడెన్సీ ఉండవలెనని మార్గదర్శకాలు వ్రాసుకున్నారు. పరీక్ష పెట్టి మార్కులు వేయడం పెద్ద పని కాదు, అది నాకూ చేతనవును. మార్కు తగ్గినది మెదడు దెబ్బతిని కాబోలునా, దిగులు చేతనా, నిద్రలేమి చేతనా, అసలు బడి ముఖమే ఎరుగకపోవుట చేతనా అని విడదీయడమే అసలు విద్య. అది గురువు ప్రక్కన కూర్చుండి, రోగి వెనుక రోగిని చూస్తే గాని పట్టుబడదు.

దాని విలువ నాకు ఇంటనే తెలిసింది. నా భార్యకు మరపు మొదలైనప్పుడు పదిహేను మాటలు చదివి, తిరిగి చెప్పమన్నారు. అదే పట్టిక అయిదు మార్లు, నడుమ వేరొకటి, కొంతసేపటికి మరల మొదటిది. ఆమె నాలుగు మాటలు చెప్పి నా వంక చూచింది. అందించరాదు. పిల్లలను ఎన్నడూ అందించనీయని పంతులుకు ఆ నిమిషం ఎంత పొడవో ఏమని చెప్పను! పరీక్షించిన అమ్మాయి మాత్రం మార్కు కంటె ముందు ఆమె చదువు, ఇంటి భాషలు అడిగి వ్రాసుకున్నది. అయిదవ తరగతి, కన్నడం, తెలుగు.

ఆ ప్రశ్న ఊరకనే అడిగినది కాదు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు తెలిసినవారిలో వ్యాధి సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనదని 2013లో ప్రకటించింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనబడినది.

మొన్న అమ్మాయి ఫోను చేసి, “పెదనాన్నా, ఇంగ్లీషులో ఒక అక్షరం ఇచ్చి, నిమిషంలో దానితో మొదలయ్యే మాటలు చెప్పమంటాం. తెలుగులో ‘క’ ఇస్తే ‘కా’, ‘కు’ కూడ లెక్కా?” అన్నది. హల్లు, గుణింతం, వర్ణం, అక్షరం అంటూ నేను మొదలుపెట్టేలోగా నా భార్య లోపలినుండి, “కవ్వం, కారప్పొడి, కుంపటి” అన్నది.

ఆ వరుసను ఆ వరుసగానే అమ్మాయికి వ్రాసి పంపాను.