మంచును మోసే ఇల్లు

ఒక జనవరి మాసంలో దేవుని కృపవలన మా కుటుంబం హిమాచల్ ప్రదేశ్‌లోని కుల్లు లోయను చూచి వచ్చింది. మనాలికి సుమారు 20 కిలోమీటర్ల దిగువన, బియాస్ నది ఎడమ గట్టున నగ్గర్ అనే ఊరు ఉంది. మేము చేరిన రాత్రే మంచు కురిసింది. తెల్లవారి లేచేసరికి ఊరంతా దూది ఆరబోసినట్లుంది. పిల్లలు మంచులో ఆడుకుంటుంటే నేను మాత్రం ఇళ్ళను చూస్తూ నిలబడిపోయాను. కారణం తరువాత చెబుతాను.

అక్కడి పాతకాలపు ఇళ్ళను 'కాఠ్ కుణీ' అంటారు. కాఠ్ అంటే కొయ్య, కుణీ అంటే మూల. ఒక వరుస దేవదారు దూలాలు, దానిపై ఒక వరుస రాళ్ళు, మళ్ళీ దూలాలు, ఇలా గోడ లేస్తుంది. సిమెంటు లేదు, సున్నమూ లేదు. మూలల్లో దూలాలు ఒకదానిమీద ఒకటి అడ్డంగా కూర్చుంటాయి. గోడ మందం అడుగున్నర దాకా ఉంటుంది. కింది అంతస్తులో పశువులు, పైన మనుషులు. పశువుల వేడి పైగదులకు ఎక్కుతుంది. చలి రాకుండా కిటికీలు చిన్నవి. పైకప్పు వాలుగా ఉండి, పలకరాళ్ళతో కప్పబడి ఉంటుంది.

ఆ వాలు ఎందుకో మా ఇంటాయన వివరించారు. "మంచు పడేటప్పుడు దూదే సార్, నిలిచిపోతే రాయి" అన్నారు. నేను లెక్క వేశాను. గట్టిపడిన మంచు ఘనపు మీటరుకు 200 కిలోలకు తక్కువ ఉండదు. 50 చదరపు మీటర్ల కప్పుమీద రెండడుగుల మంచు నిలిస్తే ఆరు టన్నులు! మన 75 కిలోల ధాన్యం బస్తాలు 80 ఇంటి నెత్తిన పెట్టినట్లే.

1905 ఏప్రిల్ 4న వచ్చిన కాంగ్రా భూకంపంలో సుమారు 20 వేలమంది చనిపోయారు. ఇదే పద్ధతిలో కట్టిన నగ్గర్ కోట మాత్రం నిలిచింది. భూమి కదిలినప్పుడు ఈ గోడలు బిగుసుకొని పగలవు, కొంచెం కదిలి సర్దుకుంటాయి.

ఇప్పుడు దేవదారు కలప దొరకడం కష్టం. ఆ ఇంటి కుమారుడు కూడా పక్కన సిమెంటు గది కట్టాడు. దాని చదునైన స్లాబుమీద మంచు నిలిచి, కరిగి, గోడలోకి నీరు దిగుతోంది. చలికాలం వస్తే అతని పిల్లలు పాత ఇంట్లోనే పడుకుంటారట.

ఇక నా సంగతి. మా ఊరిది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అది తెలిసి కూడా పునాది లోతు తగ్గించి, మిగిలిన డబ్బుతో వరండాకు గ్రానైటు వేయించాను. గృహప్రతిష్ఠకు వచ్చినవారంతా వరండాను మెచ్చుకున్నారు. రెండవ వర్షాకాలానికే పడకగది గోడ మూలనుండి మూలకు చీలింది. మేస్త్రీ ముందే హెచ్చరించాడు, నేనే వినలేదు.

బండమీద ఇల్లు కట్టిన బుద్ధిమంతుని గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానాన్ని ఎన్నిసార్లు ప్రసంగాల్లో విన్నానో! ఆ ఇద్దరి ఇళ్ళ మీదికీ వచ్చిన వాన ఒక్కటే. నగ్గరు పెద్దలు తమ ఇంటిమీదికి ఏమి రాబోతుందో ముందే తలచుకొని కట్టారు. నేను చూడవచ్చేవారిని తలచుకొని కట్టాను.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఇల్లు కట్టబోయేవారు ముందు తమ నేలను, తమ ఆకాశాన్ని అడగండి. కట్టేది గోడలైనా, కుటుంబమైనా, బరువు వచ్చే రోజు తప్పక వస్తుంది.