తుపాకికి దిండు

మా మనవడికి పధ్నాలుగేళ్ళు. బెజవాడలో చదువుకుంటున్నాడు. కిందటి వేసవి సెలవులకు మా వూరు వినగడప వచ్చినప్పుడు బట్టల సంచీతోపాటు పాత దుప్పట్లో చుట్టిన పొడుగాటి వస్తువొకటి తెచ్చాడు. విప్పి చూద్దును గదా, ఎయిర్‌గన్!

"తాతయ్యా, సెలవులు కాగానే బళ్ళో జట్టుకు ఎంపిక. ఈ తుపాకి మంచిది కాదు, గురి ఒక చోట పెడితే గుండు ఇంకో చోటికి పోతుంది. నాన్నతో చెప్పి కొత్తది కొనిపించవూ?" అన్నాడు.

పోటీలకు వాడే మేలురకం తుపాకి వెల లక్ష రూపాయలు దాటుతుంది. మా అబ్బాయిది చిన్న వుద్యోగం. పైగా వాడికి కొడుకు మాట కాదనటం చేతకాదు, అప్పు చేసి అయినా కొంటాడు. నేను బళ్ళో పనిచేసినన్నాళ్ళూ "కలం మంచిది కాదండీ" అనే పిల్లలను చాలామందిని చూశాను. అయితే ఒకటి రెండుసార్లు కలం నిజంగానే చెడిపోయి వుండటం కూడా చూశాను. అందుచేత, "ముందు పరీక్ష, తరవాతే తీర్పు" అన్నాను.

పరీక్షకు ముందు ఒక షరతు పెట్టాను. మా మామిడితోటలో చిలకలు కాయలను కొరికి పాడుచేస్తాయి. వాటి వంక తుపాకి తిప్పకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిలకను చంపటం నేరం. చట్టం మాట అటుంచితే, చిన్నప్పుడు నేను వుండేలుతో ఒక గోరింకను కొట్టాను. అది చచ్చేదాకా నాకేసే చూసింది. ఆ సంగతి ఇంతకుమించి చెప్పలేను.

ఇక చోటు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ కోసం వాళ్ళ నాన్న ఇంట్లోనే కాగితపు గురులతో ఒక రేంజి ఏర్పాటు చేశాడనీ, 2018లో పదమూడేళ్ళకే ఆ పిల్ల పిస్తోలులో జాతీయ విజేత అయిందనీ మావాడు గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. మనకు మాత్రం దొడ్డి లేదా? పాత గొడ్లపాక మట్టిగోడ నుంచి తాడుతో కొలిచి పది మీటర్ల దూరాన గీత గీశాం. పోటీలలో దూరం అంతే.

గోడవార పాత రుబ్బురోలు ఒకటి పడి వుంది. మావాడు దాని మీద రేకుమూత ఆనించి, నేను వద్దనేలోగా కాల్చాడు. ఠంగుమంది. మరుక్షణం నా కళ్ళద్దాలలో కుడిదానికి బీట పడింది! రాతికి తగిలిన గుండు వెనక్కు వచ్చింది. అద్దాలే లేకపోతే ఇది ఒంటికంటితో రాయవలసివచ్చేది. మావాడు వణికిపోయాడు. ఆ పూట తుపాకి బీరువాలో పెట్టి తాళం వేశాను.

మర్నాడు మామిడికాయల చెక్కపెట్టె ఒకటి తెచ్చి, దాన్నిండా చిరిగిన బొంతలూ, గోనెపట్టాలూ కుక్కి, ముందువైపు గురి కాగితం అంటించాం. గుండు బొంతలో దిగి అక్కడే ఆగిపోతుంది. వెనక ఎలాగూ మట్టిగోడ. ఇద్దరమూ కళ్ళద్దాలు పెట్టుకున్నాం. గుళ్ళు సీసంతో చేసినవి, సీసం విషం. చేతులు కడుక్కోనిదే వంటింట్లోకి రానివ్వనంది మావాడి నాయనమ్మ.

ఇప్పుడు పరీక్ష. చేత్తో పట్టుకుని కాలిస్తే తప్పు తుపాకిదో, చేతిదో తెలియదు. తుపాకిని వణకని వస్తువు మీద ఆనించాలి. పాత బడిబల్ల మీద చెక్కదిమ్మ పెట్టి, దానికి తుపాకి పట్టేటట్టు గాడి కోయించి, అందులో తుపాకిని పెట్టించాను. మావాడు అయిదు గుళ్ళు కాల్చాడు. పెట్టె దగ్గరకు వెళ్ళి చూస్తే అయిదు చిల్లులూ అరచేతి వెడల్పున చెదిరి వున్నాయి. ఎక్కువ గురికి పైనే పడ్డాయి.

"చూశావా తాతయ్యా!" అన్నాడు వాడు.

చూశాను. ఆ సాయంత్రమే మా అబ్బాయికి ఫోను చేసి, "తుపాకి చెడ్డదేరా" అని చెప్పేశాను. "సరే నాన్నా, డబ్బు ఎక్కడన్నా అడుగుతాను" అన్నాడు.

రాత్రి నిద్ర పట్టలేదు. కాల్చినప్పుడల్లా బల్లమీది సుద్దముక్క దొర్లి కింద పడుతూ వచ్చింది. దాన్ని అయిదుసార్లూ నేనే తీసి పెట్టాను. బల్ల కదలనిదే సుద్ద ఎందుకు పడుతుంది? తుపాకి ఎగరనిదే బల్ల ఎందుకు కదులుతుంది?

స్ప్రింగు తుపాకి సంగతి ఇది. మీట నొక్కగానే లోపల బిగించి వున్న స్ప్రింగు విడివడి ఒక ముషలకాన్ని ముందుకు తోస్తుంది. అది గాలిని అదుముతుంది. ఆ గాలి గుండును తోస్తుంది. ముషలకం ముందుకు దూకుతుంటే తుపాకి వెనక్కు తన్నుతుంది, అది చివరకు వెళ్ళి ఆగేటప్పుడు ముందుకు తూలుతుంది. ఇదంతా సెకనులో నూరో వంతు కాలంలో, గుండు ఇంకా గొట్టం దాటకముందే జరుగుతుంది. బంతిని సిమెంటు గచ్చు మీద వేస్తే ఎగురుతుంది, ఇసుకలో వేస్తే చతికిలబడుతుంది. మేం తుపాకికి గచ్చునే ఇచ్చాం!

తెల్లవారగానే కట్టలేటి ఇసుక తెచ్చి జల్లించాం. మావాడి పొట్టి అయిపోయిన ప్యాంటు కాలు కత్తిరించి, మా ఆవిడ సంచీగా కుట్టింది. మొదట నిండా పోశాం, రాయిలాగా అయింది. సగానికి తీసేస్తే తుపాకికి లొంగి, కుందేలు చెవుల్లాగా రెండువైపులా లేచి నిలిచింది. వెనకభాగం కిందికి మేజోడులో బియ్యం పోసి చిన్నదిండు చేశాం. (ఆ బియ్యం ఎక్కడివని అడిగితే నేను పలకలేదు.) ఇసుకదిండు మీద మావాడి అరచెయ్యి, అరచెయ్యి మీద తుపాకి. గట్టిగా పట్టుకోవద్దన్నాను, దాన్ని దాని ఇష్టాన తన్నుకోనిమ్మన్నాను.

అయిదు గుళ్ళు కాల్చాడు. ఇద్దరం పరుగెత్తాం. చిల్లులు అయిదూ పదిరూపాయల నాణెం కింద దాగాయి.

మావాడు మాట్లాడలేదు. కొంతసేపటికి తనే లేచి, పోటీలో మాదిరిగా నిలబడి, దన్ను లేకుండా అయిదు కాల్చాడు. చిల్లులు మళ్ళీ అరచేతి వెడల్పున చెదిరాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. పెద్ద పోటీలలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా, 2012లో లండనులో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్, ఇద్దరూ ఆ చుక్క కోసం నిలబడే కాల్చారు. ఆ సంగతి నాకంటె వాడికే బాగా తెలుసు.

"నాన్నకు ఫోను చెయ్యి తాతయ్యా" అన్నాడు.

"తీర్పు తొందరపడి చెప్పింది నేను గదా" అంటూ ఫోను తీశాను. నేను నోరు తెరిచేలోగా వాడే లాక్కున్నాడు.

"నాన్నా, ఎవరినీ డబ్బు అడక్కు. తుపాకి బాగానే వుంది. నేనూ తాతయ్యా ఇద్దరం తప్పు చెప్పాం." కాస్త ఆగి, నాకేసి చూసి, "ఒక డబ్బా గుళ్ళు మాత్రం పంపించు" అన్నాడు.