ఇనుము అయిపోయిన దీవి

ఉక్కు కర్మాగారమున్న భిలాయిలో పెరిగిన తెలుగు పిల్లలకు సముద్రం వేసవి సెలవుల్లో మాత్రమే ఉండేది. పరీక్షలు కాగానే దుర్గ్‌లో విశాఖ ప్యాసింజరు ఎక్కడం, రాయగడ కొండలు దాటి విజయనగరంలో దిగడం, అక్కడి నుంచి బస్సుల మీద కళింగపట్నం వైపు పోవడం. టౌన్‌షిప్ సెక్టార్లలో మాలాంటి కుటుంబాలు ఎన్నిటికో సొంతూరు అంటే ఆ దిక్కే. తక్కిన ఏడాదంతా మాకు తెలిసింది ఇనుము. రాజ్‌హరా గనుల నుంచి ఓర్, అంటే ఇనుప ఖనిజం, మోసుకొచ్చే వ్యాగన్లు, నాన్న చొక్కా ఉతికిన బకెట్లో అడుగున దిగే ఎర్రమట్టి, రాత్రిపూట ఫర్నేసు వ్యర్థమైన స్లాగ్ పారబోస్తే ఒక్కసారిగా ఎరుపెక్కే ఆకాశం. సముద్రం ఒక చోట, ఇనుము ఇంకో చోట. ఆ రెండూ ఒకే ఒడ్డున కలిసి ఉండే ఊళ్లు ఉంటాయన్న ఆలోచన ఎల్బా దీవిని చూసేదాకా నాకు రాలేదు.

ఇటలీలో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు తను చూపిస్తానన్న చోట్లు వేరే ఉన్నాయి. నేనే పట్టుబట్టి ఎల్బాకు తీసుకెళ్లమన్నాను. టస్కనీ తీరంలో పియోంబినో రేవు నుంచి ఓడలో గంట ప్రయాణం. ఆ రేవు కూడా ఒక స్టీల్ టౌనుదే. అక్కడి బ్లాస్ట్ ఫర్నేస్ 2014లో ఆరిపోయింది. బ్లాస్ట్ ఫర్నేస్ ఆరడం అంటే ఏమిటో భిలాయివాళ్లకు చెప్పనక్కర్లేదు. మరమ్మతు కోసం ఆపినా ఇంట్లో గొంతులు తగ్గించి మాట్లాడుకునే ఊరు మాది. పియోంబినోలో శాశ్వతంగా ఆగిపోయింది. ఓడ రేవు వదులుతుంటే అందరూ దీవి వైపు తిరిగి నిలబడ్డారు. నేను వెనక్కే చూస్తూ ఉండిపోయాను.

సిసిలీ, సార్డీనియాల తరవాత ఇటలీలో పెద్ద దీవి ఎల్బాయే. అయినా విస్తీర్ణం 224 చదరపు కిలోమీటర్లే. పడమట మోంతె కపన్నె కొండ వెయ్యి మీటర్లు దాటి లేస్తుంది. అక్కడంతా గ్రానైటు, చెస్ట్‌నట్ తోపులు. ఇనుము తూర్పున ఉంది. రియో మరీనా ఊరి చుట్టూ కొండలు మెట్లు మెట్లుగా తవ్వి ఉన్నాయి. ఆ రంగు చూసి నాకు కాళ్లు కదలలేదు. రాజ్‌హరా కొండ రంగే. కాకపోతే ఇక్కడ ఆ ఎరుపు వచ్చి నీలం నీళ్లలో దిగుతోంది. టోపినెట్టి ఒడ్డున ఇసుక ముదురు ఎరుపు, చేత్తో తీస్తే హెమటైటు రేకులు తళతళలాడతాయి. ఒకప్పుడు ఓర్‌ను ఓడల్లోకి దింపిన కట్టడాలు విన్యేరియా దగ్గర తుప్పుపట్టి నీటి మీదికి వాలి ఉన్నాయి. వాటి నీడ పడిన నీళ్లలోనే పిల్లలు ఈదుతున్నారు.

ఈ దీవిలో క్రీస్తుకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఎట్రుస్కన్లనే ప్రాచీన ప్రజలు ఇనుము తీశారు. మొదట్లో ఇక్కడే కరిగించేవారు. ఆ పొగ గురించి గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. తరవాత ఓర్‌ను పడవలకెత్తి ఎదుటి తీరంలోని పొపులోనియాకు చేర్చి అక్కడ కరిగించారు. దీవిలో బొగ్గుకు సరిపడా చెట్లు మిగలకపోవడమే కారణమని చరిత్రకారులు అంటారు. పొపులోనియా దగ్గర బరాట్టి తీరంలో వాళ్లు పారబోసిన స్లాగ్ గుట్టలుగా పేరుకుపోయింది. అందులో ఇంకా ఎంత ఇనుము ఉండిపోయిందంటే, ఇరవయ్యో శతాబ్దంలో ఆ పాత స్లాగ్‌నే తవ్వి మళ్లీ ఫర్నేసులకు పంపారు. తవ్వుతుంటే అడుగున ఎట్రుస్కన్ల సమాధులు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ల పైచిలుకు తమ వారసుల స్లాగ్ కింద దాగిన సమాధులవి. ఈ ఒక్క సంగతి మా నాన్నకు చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేది. స్లాగ్ పాట్ల మధ్యే ఆయన సర్వీసంతా గడిచింది.

గనుల విషయంలో పాతకాలపు వాళ్లకు ఒక నమ్మకం ఉండేది. ఎల్బాలో తవ్విన గుంటలు కొన్నాళ్లకు తమంతట తామే ఓర్‌తో నిండిపోతాయని భూగోళకారుడు స్ట్రాబో రాశాడు. వర్జిల్ తన కావ్యంలో ఈ దీవి గనులను తరగనివిగానే వర్ణించాడు. వాళ్లను తప్పుపట్టలేను. తాత తవ్విన కొండను మనవడూ తవ్వుతుంటే అది తరిగేదని ఎవరికి తోస్తుంది? ఆ తరగని గనులు 1981లో మూతపడ్డాయి.

ఎల్బా అనగానే లోకం నెపోలియన్‌ను తలుచుకుంటుంది. 1814 మే నెలలో వచ్చాడు, 1815 ఫిబ్రవరి 26న తప్పించుకుపోయాడు. పది నెలలు నిండలేదు. ఆయన ఇళ్లు రెండు పోర్తోఫెర్రాయోలో మ్యూజియాలు, జనం వరసలు కట్టి చూస్తారు. ఆ రేవుపట్టణాన్ని 1548 నుంచి కోటలతో కట్టించిన కోసిమో మెడిచీకి కూడా అంత పేరు లేదు. చక్రవర్తి పది నెలలకు అన్ని గదులుండి, పాతిక శతాబ్దాల గని పనివాళ్లకు రియో మరీనాలో ఒక ఖనిజాల మ్యూజియం ఉండటం నాకు అన్యాయంగా అనిపించింది. ఆ చక్రవర్తి కూడా ఖజానా కోసం కన్నేసింది రియో గనుల రాబడి మీదే.

గని పనివాళ్ల ఊరు నిజానికి కొండ మీద ఉంది. పేరు రియో నెల్‌ఎల్బా. పదహారో శతాబ్దంలో సముద్రపు దొంగలు మాటిమాటికీ వచ్చిపడి మనుషుల్ని చెరపట్టుకుపోయేవారు. అందుకే ఈ దీవిలో పాత ఊళ్లు నీటికి దూరంగా, ఎత్తున, గోడకు గోడ ఆనించి కట్టుకున్నవి. మార్చియానా అంతే, కపోలివేరి అంతే. రియోలో ఊటనీటి దగ్గర ఆడవాళ్లు బట్టలుతుక్కున్న రాతి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. నేను ఎక్కువసేపు కూర్చున్నది అక్కడే. ఎన్ని తరాల ఎర్రమట్టి ఆ రాళ్ల మీద కొట్టుకుపోయి ఉంటుంది! మా అమ్మ వీపు వంచి నాన్న చొక్కా రుద్దుతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

భిలాయి కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది 1955 ఫిబ్రవరి 2న. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఈ తేదీలు ఇక్కడి బడిపిల్లలకూ వచ్చు. కానీ ఆ ఫర్నేసులకు కూడు పెట్టింది దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ-రాజ్‌హరా. అక్కడ మేలిరకం ఓర్ తరిగిపోతోంది. రావ్‌ఘాట్ గనుల కోసం దల్లీ నుంచి 95 కిలోమీటర్ల కొత్త రైలుమార్గం తలపెట్టారు. అంటే రాజ్‌హరాకు కూడా ఎల్బాకు వచ్చిన రోజే రాబోతోంది. స్ట్రాబో చెప్పినట్టు గుంటలు నిండవు.

ఓర్ తరవాత ఏం మిగులుతుందో ఎల్బాలో చూశాను. అక్కడ సముద్రం ఉంది కాబట్టి సెలవుల జనం వచ్చారు. కపోలివేరి దగ్గర మాగ్నెటైటు గనిలో సముద్రమట్టం కన్నా కిందికి దింపి చూపిస్తారు. రాజ్‌హరాకు సముద్రం లేదు. కానీ అక్కడ ఉన్నదాన్ని మనం సరిగ్గా లెక్కపెట్టుకోలేదు. చేతి పని గనుల్లో ఆడా మగా సుత్తెలతో ఓర్ కొట్టి లారీలకెత్తారు. 1977లో కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగితో కలిసి సంఘం కట్టుకున్నారు. ఆ ఏడాదే జరిగిన పోలీసు కాల్పుల్లో తమవాళ్లను పోగొట్టుకున్నారు. వాళ్ల పేరు మీద 1983లో తమ డబ్బుతో, తమ చేతులతో షహీద్ ఆసుపత్రి నిలబెట్టారు. గని కూలీలు తమకోసం కట్టుకున్న ఆ ఆసుపత్రి నాకు పోర్తోఫెర్రాయో కోటలకన్నా గొప్పగా కనిపిస్తుంది.

మా నాన్నతో రైలెక్కి వచ్చినవాళ్లలో కొందరు భిలాయిలో దిగిపోకుండా రాజ్‌హరా గనుల దాకా వెళ్లారు. వాళ్లలో బతికున్నవాళ్లు శ్రీకాకుళం యాస వదలలేదు, ఛత్తీస్‌గఢీ కూడా అంతే తేలిగ్గా మాట్లాడతారు. ఆదివారం వస్తే పిల్లల్ని మైత్రీబాగ్ పార్కుకు తీసుకెళతాం, వేసవికి కళింగపట్నం తీసుకెళతాం. ఈ చలికాలం ఒక ఆదివారం వాళ్లను దుర్గ్‌లో రైలెక్కించి రాజ్‌హరాకు తీసుకెళ్లాలని ఉంది. కొండ మెట్లు ఎక్కించాలి. ఆ పెద్దవాళ్ల పక్కన కూర్చోబెట్టి, గనిలో ఏ మెట్టు మీద పనిచేశారో, ఏ సుత్తి వాడారో, వానాకాలంలో ఓర్ ఎలా ఎత్తారో, మొదటి జీతంతో ఊరికి ఏం పంపారో అడిగించాలి. చెప్పిందంతా వాళ్ల మాటల్లోనే, వాళ్ల పేర్లతో సహా రాయించాలి.