చేతులు నేర్పే లారీ జాన్సన్

ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారం అమెరికాలోని కొలంబస్‌లో ఇంకో పని పెట్టుకునేవాళ్లు తక్కువ. 2024 నవంబర్ 23న మరీ తక్కువ. ఇండియానా యూనివర్సిటీ జట్టు అప్పటికి ఆడిన 10 మ్యాచ్‌లూ గెలిచి, దేశంలో 5వ ర్యాంకుతో ఊళ్లోకి వచ్చింది. ఈ ఊరి ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టుది 2వ ర్యాంకు. లేన్ అవెన్యూ పొడవునా ఎర్ర స్వెటర్లు, పార్కింగ్ స్థలాల్లో పొద్దున్నే వెలిగించిన గ్రిల్లులు, మాంసం కాలుతున్న వాసన. ఇక్కడే ఎమ్మెస్ చదువుతున్న మా మేనల్లుడు నన్ను తిన్నగా స్టేడియంలోకి తీసుకెళ్లలేదు. నైరుతి మూలనున్న చెట్లు ముందు చూడాలన్నాడు.

అవి బకై చెట్లు. ఆకులన్నీ రాలిపోయాయి. ఒహాయో స్టేట్ ఆటగాడెవరైనా దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ల ‘ఆల్ అమెరికన్’ జట్టుకు ఎంపికైతే అతని పేరిట ఇక్కడ ఒక చెట్టు నాటుతారు. 1934 నుంచి నడుస్తున్న ఆనవాయితీ ఇది. క్వార్టర్‌బ్యాక్‌లు, రన్నింగ్‌బ్యాక్‌ల పేర్ల దగ్గర ఫొటోలు దిగేవాళ్లు చాలామంది. మావాడికి మాత్రం వేరే పేర్ల మీద మోజు.

“డిఫెన్సివ్ లైన్ వాళ్లను చూడండి మావయ్యా. జోయీ బోసా, ఛేజ్ యంగ్. ఇద్దరికీ నేర్పింది ఒకే మనిషి. ఆయన కోసమే మిమ్మల్ని గంట ముందు లోపలికి తీసుకెళ్తున్నా.”

ఆ మనిషి లారీ జాన్సన్. అప్పటికే డెబ్బై దాటిన వయసు. ఒహాయో స్టేట్‌లో డిఫెన్సివ్ లైన్ కోచ్‌గా అది 11వ సీజన్. చెట్టు ఆడినవాడికే గానీ నేర్పినవాడికి కాదు కాబట్టి ఈ తోటలో ఆయన ఎక్కడా కనబడడు.

స్టేడియం 1922లో తెరిచింది. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, కూర్చునే చోటు 1,02,780 మందికి. ఖాళీగా ఉన్నప్పుడు ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది. మేం వెళ్లేసరికి మైదానంలో అక్కడక్కడా గుంపులు: ఒకచోట బంతులు తన్నేవాళ్లు, ఒకచోట విసిరేవాళ్లు, పట్టేవాళ్లు. జనం కళ్లు అటే ఉన్నాయి. ఓ మూల మాత్రం బంతితో పనిలేని గుంపొకటి ఉంది. భారీ మనుషులు ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా నిలబడి ఒకరి మణికట్లను ఒకరు కొట్టుకుంటున్నారు, తోసుకుంటున్నారు, పక్కకు జారుకుంటున్నారు. వాళ్ల మధ్య టోపీ పెట్టుకున్న పెద్దాయన నెమ్మదిగా నడుస్తున్నాడు. కేకలేమీ లేవు. ఒకడి దగ్గర ఆగి, వాడి మోచెయ్యి ఎక్కడుండాలో తన చేత్తో చూపించి ముందుకు కదిలాడు.

ఈ ఆట తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. బంతిని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి విసరాలో చూసుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. అతన్ని కాపాడేందుకు ముందు వరుసలో ఐదుగురు కొండల్లాంటి వాళ్లుంటారు. వాళ్లకు ఎదురుగా, నేలకు చెయ్యి ఆనించి వంగి ఉండేవాళ్లే డిఫెన్సివ్ లైన్. మామూలుగా నలుగురు. బంతి పట్టుకుని పరుగెత్తేవాడికి దారి మూయాలి. లేదా విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ను విసిరేలోపే పడెయ్యాలి. ఇలా పడెయ్యడాన్ని స్యాక్ అంటారు. అంతా కలిపి రెండున్నర, మూడు సెకన్ల వ్యవహారం.

ఆ మూడు సెకన్లలో నేర్పడానికి ఏముంటుంది అనిపించొచ్చు. మొదటి పాఠం వినకపోవడం. క్వార్టర్‌బ్యాక్ గొంతు పెంచి, తగ్గించి, మధ్యలో ఆపి, ఎదుటివాళ్లను తొందరపెట్టి ముందే దూకించాలని చూస్తాడు. ఆ అరుపుకు కదిలి గీత దాటితే ఆఫ్‌సైడ్, 5 గజాల జరిమానా. బంతి కదిలాకే కదలాలి, అదీ బంతితో పాటే కదలాలి. తర్వాత చేతులు. ఎదుటివాడి అరచేతులు మన ఛాతీ మీద కుదురుగా పడ్డాయా, ఇక అక్కడితో సరి. అందుకని వాటిని పడనివ్వకూడదు. మణికట్టు మీద కొట్టి దించేయడం చాప్. వాడి చంక కిందుగా చెయ్యి పైకి లాగుతూ దూరిపోవడం రిప్. భుజం పైనుంచి చెయ్యి వేసి ఈదినట్టు దాటడం స్విమ్. ఏ మాయా లేకుండా గుండెల మీద నెట్టుకుంటూ క్వార్టర్‌బ్యాక్ ఒళ్లోకి తోసేయడం బుల్ రష్. మావాడు దీన్ని కబడ్డీతో పోల్చాడు. సగమే నప్పింది. కబడ్డీలో కూత పెట్టేవాడు తప్పించుకుని వెనక్కి రావాలి. ఇక్కడ తప్పించుకున్నవాడు ఇంకా లోపలికే పోవాలి, అదీ తనకంటే పాతిక కిలోలు బరువైనవాడిని దాటుకుని.

జాన్సన్ ఈ విద్యను పెద్ద మైదానాల్లో నేర్పడం మొదలుపెట్టేటప్పటికే నలభై దాటాడు. ఆయన బతుకులో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. పుట్టింది నార్త్ కరోలినాలో, ఆడింది అదే రాష్ట్రంలోని ఎలిజబెత్ సిటీ స్టేట్‌లో. నల్లవాళ్ల చదువు కోసం వెలసిన పాత విద్యాసంస్థల్లో అదొకటి. తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు హైస్కూల్ కోచ్. మేరీలాండ్‌లోని పామ్‌ఫ్రెట్‌లో మెక్‌డొనా హైస్కూల్, ఆపైన వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో టి.సి. విలియమ్స్ హైస్కూల్. డెంజెల్ వాషింగ్టన్ కోచ్‌గా నటించిన 2000 నాటి ‘రిమెంబర్ ది టైటన్స్’ సినిమా ఈ టి.సి. విలియమ్స్ జట్టు కథే. అయితే అది 1971 నాటి సంగతి, జాన్సన్ అక్కడికి వెళ్లింది చాలా ఏళ్ల తర్వాత.

1996లో పెన్ స్టేట్ హెడ్ కోచ్ జో పటెర్నో ఆయన్ను తన బృందంలోకి తీసుకున్నాడు. అక్కడ జాన్సన్ దగ్గర తయారైన కోర్ట్నీ బ్రౌన్ 2000లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికయ్యాడు. కాలేజీలు వదిలిన కుర్రాళ్లను ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి ఈ డ్రాఫ్ట్. అందులో మొదటి పేరు అంటే దేశమంతటికీ మొదటి పేరు. 2003 డ్రాఫ్ట్ అయితే ఇంటి పండగే. మొదటి రౌండ్‌లో శిష్యులు జిమ్మీ కెన్నెడీ 12వ స్థానంలో, మైకేల్ హేన్స్ 14వ స్థానంలో పోయారు. 27వ స్థానంలో కాన్సస్ సిటీ చీఫ్స్ ఎంచుకున్నది లారీ జాన్సన్‌ను, అంటే అదే పేరున్న కన్నకొడుకును. ఆ అబ్బాయి తండ్రి విద్యకు ఎదురు పక్షం: రన్నింగ్‌బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడు. 2002 సీజన్‌లో పెన్ స్టేట్ తరఫున 2,087 గజాలు పరుగెత్తాడు.

టాంబా హాలీ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. లైబీరియా అంతర్యుద్ధం నుంచి బయటపడి పదేళ్ల వయసులో అమెరికా చేరిన పిల్లాడు. ఈ దేశానికి వచ్చేదాకా ఈ ఆట ఊసే తెలియదు. పెన్ స్టేట్‌లో జాన్సన్ చేతిలో పడ్డాడు, 2006లో మొదటి రౌండ్‌లో చీఫ్స్‌కు వెళ్లాడు, వాళ్ల దగ్గరే 89.5 స్యాక్‌లు చేశాడు.

2011 నవంబర్‌లో పెన్ స్టేట్ కుప్పకూలింది. మాజీ సహాయ కోచ్ జెర్రీ సాండస్కీ పిల్లలపై చేసిన లైంగిక అత్యాచారాలు బయటపడ్డాయి, పటెర్నోను తొలగించారు. 2012 జులైలో కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ కఠినమైన ఆంక్షలు పెట్టింది. ఆటగాళ్లు కావాలంటే వేరే కాలేజీకి పోయి వెంటనే ఆడొచ్చంది. కొత్త హెడ్ కోచ్ బిల్ ఓబ్రయన్ పాతవాళ్లలో అట్టిపెట్టుకున్న కొద్దిమందిలో జాన్సన్ ఒకడు. ఆయనా కదల్లేదు. 2014 జనవరిలో ఓబ్రయన్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని హ్యూస్టన్ టెక్సన్స్‌కు వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన జేమ్స్ ఫ్రాంక్లిన్ ఉండమన్నా జాన్సన్ ఉండలేదు, 18 సీజన్లు పనిచేసిన చోటు వదిలేశాడు. చిత్రమేమిటంటే ఒహాయో స్టేట్‌లో ఆ ఉద్యోగం ఖాళీ కావడానికి కారణమూ ఓబ్రయనే. అక్కడి డిఫెన్సివ్ లైన్ కోచ్ మైక్ వ్రేబల్‌ను ఆయనే హ్యూస్టన్‌కు పట్టుకుపోయాడు. కాలేజీ కోచ్‌ల బతుకు ఇంతే. ఎక్కడో ఒకడు కుర్చీ మారితే మూడు ఊళ్లలో ఇళ్లు ఖాళీ అవుతాయి.

కొలంబస్‌లో మొదటి సీజనే జాతీయ టైటిల్. 2015 జనవరి 12న ఆరెగన్ మీద 42-20. ఇక డ్రాఫ్ట్‌లో జోయీ బోసా 2016లో 3వ స్థానం, అతని తమ్ముడు నిక్ 2019లో 2వ స్థానం, ఛేజ్ యంగ్ 2020లో 2వ స్థానం. ముగ్గురూ తమ మొదటి ఏడే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డిఫెన్స్ వైపు మేటి కొత్త ఆటగాడి అవార్డు కొట్టారు. ఐదేళ్లలో మూడుసార్లు ఆ అవార్డు ఒకే కోచ్ శిష్యులకు వెళ్లింది. యంగ్ 2019లో 12 మ్యాచ్‌లే ఆడి 16.5 స్యాక్‌లతో ఒహాయో స్టేట్ రికార్డు రాశాడు. అతను మేరీలాండ్ కుర్రాడు. అంతకుముందు పెన్ స్టేట్‌కు వచ్చి 2009లో మొదటి రౌండ్‌లో పోయిన ఆరన్ మేబిన్‌దీ మేరీలాండే. హైస్కూళ్లలో గడిపిన ఏళ్లు వృథా పోలేదని నేననుకునేది ఇందుకే. కుర్రాడి ఇంటికెళ్లి తల్లిదండ్రుల ఎదుట కూర్చుని మాట్లాడటం కూడా ఈ ఉద్యోగంలో భాగం. ఆ ఊళ్లూ, ఆ బళ్లూ, ఆ కోచ్‌లూ ఎరిగినవాడికి తలుపు తొందరగా తెరుచుకుంటుంది.

జీతం ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. సహాయ కోచ్‌కు!

ఆయన అలవాటొకటి అభిమానులకు ఓ పట్టాన మింగుడు పడదు: మనుషుల్ని మార్చడం. ఎంత మొనగాడైనా కాసేపు ఆడించి బయటికి పిలిచేస్తాడు, ఇంకొకణ్ని పంపిస్తాడు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరక తప్పని మూడో ప్రయత్నంలో ఒక్కోసారి మామూలుగా లైన్ అంచుల్లో ఆడే ఎండ్‌లనే నలుగురిని ఒకేసారి దింపేవాడు. ఆ దండుకు ‘రష్‌మెన్’ అని పేరు. అలసినవాడు మూడు సెకన్లు నిజాయితీగా పోరాడలేడన్నది ఈ పద్ధతి వెనకున్న లెక్క. అదీగాక ఈ ఏడాది పది నిమిషాలు ఆడినవాడు వచ్చే ఏడు పూర్తిగా ఆడతాడు.

ఒకే ఒక్కసారి ఒహాయో స్టేట్ హెడ్ కోచ్ హెడ్‌సెట్ ఆయన తలకెక్కింది. 2020 డిసెంబర్ 5న, హెడ్ కోచ్ రయన్ డేకు కోవిడ్ సోకినప్పుడు, మిషిగన్ స్టేట్ మీద. 52-12తో గెలిచారు. ఒహాయో స్టేట్ జట్టును మైదానంలో నడిపించిన మొదటి నల్లజాతి హెడ్ కోచ్ ఆయనే, తాత్కాలికంగానైనా. వర్సిటీ ఆట మొదలైంది 1890లో అని గుర్తుంచుకుంటే ఆ ‘మొదటి’ అన్న మాట మనల్ని సంతోషపెట్టాలో సిగ్గుపడేలా చేయాలో తెలియదు.

ఇండియానా మ్యాచ్‌కు వద్దాం. మొదటి టచ్‌డౌన్ వాళ్లదే. నా చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు మాడిపోయాయి. ఆ తర్వాత మావాడి మాట ప్రకారం బంతిని వదిలేసి ముందు వరుసను చూడటం మొదలుపెట్టాను. మొదట అంతా ఒక ముద్దలా కనిపిస్తుంది. కాసేపటికి విడివడుతుంది. ఒక అంచున జాక్ సాయర్, ఇంకో అంచున జేటీ తుయిమొలోవౌ, మధ్యలో టైలీక్ విలియమ్స్, టై హామిల్టన్. ఇండియానా క్వార్టర్‌బ్యాక్ కర్టిస్ రూర్క్ వెనక్కి అడుగేసిన ప్రతిసారీ అతని చుట్టూ ఉన్న రక్షణ గూడు చిన్నదైపోతోంది. అతను పడనప్పుడు కూడా తొందరపడుతున్నాడు, పాదాలు కుదుర్చుకోకుండానే విసురుతున్నాడు. స్కోరు పుస్తకంలో రాని పని ఇది. రాసిన పని సంగతికొస్తే, 5 స్యాక్‌లు. రూర్క్ రోజంతా విసిరి సంపాదించింది 68 గజాలు. స్కోరు 38-15. సైడ్‌లైన్‌లో జాన్సన్ బయటికొచ్చిన ప్రతివాడి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పడం బైనాక్యులర్స్‌లో కనిపించింది. స్యాక్ చేసినవాడికీ, చేయనివాడికీ.

సాయర్ ఈ ఊరి పక్కనున్న పికరింగ్టన్ వాడు. తుయిమొలోవౌ దేశానికి ఆ చివరనున్న వాషింగ్టన్ రాష్ట్రం వాడు. ఇద్దరూ 2021లో వచ్చారు. దేశమంతా ఎగబడిన కుర్రాళ్లు. మొదటి సీజన్లలో స్యాక్‌లు అనుకున్నన్ని రాకపోతే కోచ్ పెద్దవాడైపోయాడనీ, చేతులు మొద్దుబారాయనీ గొణుగుడు మొదలైంది. దానికి జవాబు ముందొకసారి వచ్చింది. 2022 అక్టోబర్‌లో, జాన్సన్ పాత ఊళ్లోనే, పెన్ స్టేట్ మీద తుయిమొలోవౌ ఒక్కడే రెండు స్యాక్‌లు చేశాడు, ఎదుటివాళ్లు విసిరిన బంతిని రెండుసార్లు పట్టేశాడు. ఒకదాన్ని టచ్‌డౌన్ దాకా తీసుకెళ్లాడు. స్కోరు 44-31.

మేం చూసిన మ్యాచ్ తర్వాతి శనివారమే అదే మైదానంలో ఒహాయో స్టేట్‌ను మిషిగన్ 13-10తో ఓడించింది. ఈ ఊళ్లో అది చిన్న సంగతి కాదు. ఇండియానా మీద గెలుపు వారం తిరగకుండానే అందరూ మరిచిపోయారు.

కానీ ఆ ఏడాది నుంచి 12 జట్లతో ప్లేఆఫ్ మొదలైంది. ఓడినవాళ్లకూ దారి మిగిలింది. 2025 జనవరి 10న సెమీఫైనల్ డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో, టెక్సస్ మీద. మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే చోటు. ఒహాయో స్టేట్ 21, టెక్సస్ 14. చివరి నిమిషాలు. టెక్సస్‌కు గోల్ దగ్గర నాలుగో ప్రయత్నం, ఇక 8 గజాలు. క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ 2021లో ఒహాయో స్టేట్‌లోనే చదివాడు, సాయర్ రూమ్‌మేట్. ఆ పాత రూమ్‌మేట్ చేతిలోంచి సాయర్ బంతిని ఊడగొట్టాడు, తనే అందుకున్నాడు, 83 గజాలు ఒక్కడే పరుగెత్తాడు. 28-14. పది రోజుల తర్వాత నోట్రె డామ్ మీద 34-23తో జాతీయ టైటిల్.

ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో నలుగురూ పోయారు. విలియమ్స్ మొదటి రౌండ్‌లో డెట్రాయిట్‌కు, తుయిమొలోవౌ రెండో రౌండ్‌లో ఇండియానాపొలిస్‌కు, సాయర్ నాలుగో రౌండ్‌లో పిట్స్‌బర్గ్‌కు, హామిల్టన్ ఐదో రౌండ్‌లో లాస్ ఏంజిలిస్ రామ్స్‌కు. ముందు వరుస మొత్తం ఖాళీ. ఆగస్టు 30న కొలంబస్‌లో కొత్త సీజన్ తొలి మ్యాచ్‌కు మళ్లీ టెక్ససే వచ్చింది. ఈసారి లైన్‌లో కేడెన్ కరీ, కెన్యాటా జాక్సన్, కేడెన్ మెక్‌డొనాల్డ్ లాంటి వాళ్లు, అంతకుముందు మధ్యమధ్యలో దిగి ఆడినవాళ్లు. మూడో క్వార్టర్‌లో టెక్సస్ గోల్‌కు గజం దూరం దాకా వచ్చి, నాలుగో ప్రయత్నంలో క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్‌నే లైన్ మధ్యలోకి తోసింది. దాటనివ్వలేదు. 14-7తో ఒహాయో స్టేట్ గెలిచింది.