గొడుగు లేని ఆయమ్మ

మొన్న ఆదివారం మా పాపకు ‘మేరీ పాపిన్స్’ సినిమా పెట్టినా. పి.ఎల్. ట్రావర్స్ 1934లో రాసిన పుస్తకాన్ని డిస్నీ వాళ్లు 1964లో సినిమా తీసినారు. లండన్‌లో ఒక ఇంటి పిల్లల్ని చూసుకోను గొడుగు పట్టుకుని ఆకాశంలోంచి దిగే ఆయమ్మ కథ. తూర్పుగాలికి వస్తాది, పడమటిగాలి తిరగ్గానే పోతాది. చేతిసంచిలోంచి గోడ అద్దం తీస్తే పాప నోరు తెరిచేసింది.

పక్కన మాయమ్మ కూడా చూస్తాంది. మా వేంపల్లెలో, రాయచోటి పక్కన ఎంతోమంది ఆడోళ్ల మాదిరే ఆమె కూడా కువైట్ పోయింది. నాకు నాలుగేళ్లప్పుడు పోయి, పదేళ్లప్పుడు వచ్చింది. ఆ ఆరేండ్లూ అక్కడి సేటు బిడ్డలకు స్నానాలు పోసింది, అన్నం తినిపించింది. ఆమె పెట్టెలోంచీ వింతలే వచ్చినాయి: నిడో డబ్బా, టాంగ్ పొడి, పూల దుప్పటి. నేను మాత్రం జేజి కొంగు చాటుకు పోయి “ఎవురీమె?” అన్నానంట. ఈ సంగతి జేజి చెప్పిందే. అమ్మ ఎన్నడూ ఎత్తలేదు.

సినిమాలో మేరీ రెండు వారాలకో మంగళవారం సెలవు అడుగుతాది. అమ్మ నవ్వింది. “అడిగితే ఇచ్చినారు సూడు!”

కాసేపాగి, “ఈమెకు సొంత బిడ్డలు లేరా?” అనింది.

పుస్తకాల్లో కూడా లేరమ్మా అన్నా.

“అట్లయితే సరే. గాలి తిరిగితే పోవచ్చు” అని, పాపకు అన్నం కలపను లేచింది.