వూవ్రే గుహలో పాత సీసా

పారిస్‌కు నైరుతిగా సుమారు 235 కిలోమీటర్ల దూరాన, లువార్ నది ఒడ్డున తూర్ నగరం ఉంది. బాల్జాక్ 1799లో పుట్టిన ఊరు. అక్కడినుంచి నది ఉత్తరపు గట్టునే తూర్పుగా పోతే వూవ్రే అనే పల్లె వస్తుంది. ఊరి వెనుక తెల్లటి సున్నపురాతి కొండచరియ. లువార్ తీరపు రాజభవనాలు ఎన్నో కట్టింది ఈ జాతి రాయితోనే. రాయి తవ్వుకుపోగా మిగిలిన గుహల్లో కొందరు కాపురాలే పెట్టారు. తలుపులు, కిటికీలు, కొండమీద పొగగొట్టాలు కూడా! తక్కిన గుహలు వైన్ పాలయ్యాయి. బయట మంచు కురిసినా, ఎండ మండినా లోపల ఇంచుమించు 12 డిగ్రీల చలే.

ఇక్కడ పండేది షెనాన్ అనే తెల్లద్రాక్ష. దీని బలమంతా పులుపులో ఉంది. మన ఆవకాయకు ఉప్పూ, నూనే ఎలాగో, ఈ వైన్‌కు ఆ పులుపూ, మంచి ఏళ్ళలో దానికి తోడయ్యే తీపీ అలాగ. యాభై అరవై ఏళ్ళు నిలవ ఉంటుంది. ఎండలు బాగా కాసిన 1947 నాటి సరుకంటే అక్కడివాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు.

మేము దిగిన ఇంటి ముసలాయనకు గోడగూట్లో రెండు సీసాలు దొరికాయి. పైనున్న కాగితం బూజు తినేసింది. బిరడా కింద మూడువేళ్ళ మేర ఖాళీ. ఎండిన బిరడాగుండా గాలి చొరబడితే తెల్లవైన్ నల్లబడి, కోసి మరిచిపోయిన ఆపిల్ ముక్క వాసన వేస్తుంది. వర్తకుడొకడు వచ్చి చూసి పెదవి విరిచి పోయాడట. తండ్రి చేతి సరుకేనా, కాదా? అయితే మాత్రం ఆయనది ఇంట్లో ఇక మిగిలింది ఈ రెండే. మనుమరాలి పెళ్ళి నెలరోజుల్లో ఉంది. ఒకటి తెరిచి తేల్చుకుందామన్నాడు.

“ఒకటి బాగుంటే రెండోదీ బాగుంటుందని ఎవరు చెప్పారు?” అంది ఆయన భార్య. న్యాయమైన ప్రశ్నే.

కొవ్వొత్తి వెలుగుకు పట్టి చూస్తే పుట్టతేనె రంగు. బిరడా పొడిపొడిగా వచ్చింది. ముక్కలు గుడ్డమీద పేరిస్తే 19, పక్కన 4 కనిపించాయి. ఆఖరి అంకె పిండైపోయింది. నలభై ఏడని ఆయన, నలభై తొమ్మిదని ఆవిడ. రెండూ మంచి ఏళ్ళే కనుక వాదం తెగేది కాదు.

మొదటి వాసనకే నా ప్రాణం ఉసూరుమంది, తడిసిన గోనెసంచి! ఆవిడ వెనిగర్ జాడీకేసి చూసింది. ముసలాయన చేయి అడ్డుపెట్టి, పావుగంట ఆగమన్నాడు. గాలి తగిలినకొద్దీ ఆ ముక్కవాసన పోయి, తేనెమైనం, ఎండు అంజూరం, నిమ్మతొక్క ఒక్కొక్కటే పైకి వచ్చాయి. నేను పుచ్చుకున్నది రెండు ఉద్ధరిణెలకు మించదు సుమండీ! తీపి కరిగిపోతూండగా అడుగునుంచి దబ్బకాయ పులుపు లేచి నోరంతా కడిగేసింది. అన్నేళ్ళ వస్తువులో అంత చురుకుంటుందని నేననుకోలేదు.

ముసలాయన రెండోసారి పోసుకుని, చాలాసేపటికి, “మా నాన్న తీపిని ఎప్పుడూ ఇక్కడే ఆపేవాడు” అన్నాడు.

“అయితే మామగారిదే” అని ఆవిడ కూడా గ్లాసు చాచింది.

రెండో సీసాను, బిరడా తడిగా ఉండేలా, మళ్ళీ గూట్లో పడుకోబెట్టారు. ఆయన గోడమీద సుద్దముక్కతో 1947 అని రాశాడు. నాకూ మన స్వాతంత్ర్యపు ఏడే కావాలని ఉంది గాని, వారి ఇంటి తగవులో నాకేం పని? ఆవిడ సుద్ద అందుకుని పక్కనే ఒక ప్రశ్నార్థకం పెట్టి, భోజనాలకు లేవమంది.